ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకి ఆయాసం: పడుకుంటేనా, కూర్చుంటేనా? ఇంట్లో ఎలా గమనించాలి, ఏం చేయాలి

2021లో కరోనా రెండో వేవ్ టైంలో కొన్న పల్స్ ఆక్సిమీటర్, అంటే వేలికి క్లిప్‌లా పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే మిషన్, చాలా ఇళ్లలో ఇంకా ఏదో ఒక సొరుగులో పడే ఉంటుంది. ఇంట్లో 65, 70 దాటినవాళ్లకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినా, మోకాలు మార్పించినా, కడుపు కోసి ఏదైనా చేసినా, వాళ్లు ఇంటికొచ్చేలోపు దాన్ని బయటికి తీసి బ్యాటరీలు మార్చి ముందు మీ వేలికే పెట్టి చూసుకోండి. మీకు 97, 98 చూపిస్తుంటే మిషన్ పనిచేస్తున్నట్టే.

అయితే దాన్ని వాడే పద్ధతిలోనే చాలామంది ఒక సంగతి వదిలేస్తున్నారు. "అమ్మకి 91 వచ్చింది" అని టెన్షన్‌తో ఫోన్ చేస్తారు, అప్పుడు అమ్మ వెల్లకిలా పడుకుని ఉందా, దిండ్లకి ఆనుకుని ఉందా, బాత్రూంకి వెళ్లొచ్చి మంచం అంచున కూర్చుందా అంటే చెప్పలేరు. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ల విషయంలో ఆ అంకె ఎంత ముఖ్యమో, అది ఏ భంగిమలో వచ్చిందన్నది కూడా అంతే ముఖ్యం, కొన్నిసార్లు జబ్బేంటో పట్టిచ్చేది భంగిమే.

ఎందుకలా అంటే, వెల్లకిలా పడుకోగానే పొట్టలోని పేగులూ గీగులూ పైకి జరిగి డయాఫ్రమ్‌ని, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరని, ఊపిరితిత్తుల మీదకి నెడతాయి. దాంతో మామూలుగా ఊపిరి వదిలాక కూడా లోపల నిలవుండే గాలి అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గిపోతుంది. కుర్రవాళ్లకి దీంతో ఏ ఇబ్బందీ ఉండదు. వయసు పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల్లో సాగే గుణం తగ్గి అడుగున ఉన్న సన్నటి గొట్టాలు తొందరగా మూసుకుపోవడం మొదలవుతుంది, సుమారు 45 ఏళ్లకే పడుకున్నప్పుడూ, 65 దాటాక కూర్చున్నప్పుడు కూడా, మామూలుగా ఊపిరి వదిలే సమయానికే కొన్ని గొట్టాలు మూతపడి ఉంటాయి. దీని మీద ఆపరేషన్ వచ్చి పడుతుంది. పూర్తి మత్తు ఇచ్చినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి ఊపిరితిత్తుల అడుగు భాగం కొంత ముడుచుకుపోతుంది, గాలి తీసేసిన తడి బెలూన్ గోడలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు. పైగా కుట్ల నొప్పికి భయపడి పెద్ద ఊపిరి తీయరు, దగ్గరు, రోజంతా వెల్లకిలా పడుకుని ఉంటారు. ఇన్ని కలిశాక ఆక్సిజన్ తగ్గకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక కొలవడం. వేలు వెచ్చగా ఉండాలి, చల్లగా ఉంటే అరచేతులు కాసేపు రుద్దండి. నెయిల్ పాలిష్ ఉంటే తుడిచేయండి, గోరింటాకు మరీ నల్లగా పండి ఉంటే ఇంకో వేలు చూడండి. బీపీ పట్టీ కట్టిన చేతికి పెట్టొద్దు. పెట్టగానే కనబడే మొదటి అంకెని నమ్మొద్దు, చెయ్యి కదపకుండా ఒక నిమిషం ఉంచితే అంకె నిలబడుతుంది, అది రాసుకోండి. మిషన్ చూపించే పల్స్, మీరు మణికట్టు దగ్గర పట్టుకుని లెక్కపెట్టిన నాడి దగ్గరదగ్గరగా ఉండాలి, పొంతన లేకపోతే ఆక్సిజన్ అంకె కూడా అనుమానమే. ఇంకోటి, చామనఛాయా నల్లటి రంగూ ఉన్న మనలాంటివాళ్లకి ఈ మిషన్లు ఒక్కోసారి ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి. కాబట్టి 93 వచ్చింది కదా పర్లేదులే అనుకునేముందు మనిషి ముఖం చూడండి.

మూడు భంగిమల్లో కొలవాలి. ముందు వాళ్లు రోజూ పడుకునే తీరులో, ఒకే దిండుతో, అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూడండి, ఆ అయిదు నిమిషాలు కూడా పడుకోలేకపోతే బలవంతం చేయొద్దు, 'పడుకోలేకపోతున్నారు' అని రాయండి, అదే పెద్ద సమాచారం. తర్వాత కాళ్లు కిందకి వేసి కూర్చోబెట్టి మూడు నిమిషాలాగి చూడండి. నిలబడొచ్చని డాక్టర్ చెప్పి ఉంటే, పక్కన ఇంకో మనిషి పట్టుకుని ఉండగా వాకర్ పట్టుకుని నిలబెట్టి ఇంకో మూడు నిమిషాలకి చూడండి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే కూర్చోబెట్టేయాలి, అంకె కోసం మనిషిని పడేసుకోవద్దు. ప్రతిసారీ ఊపిరి కూడా లెక్కపెట్టండి, నిమిషం పూర్తిగా, వాళ్లకి చెప్పకుండా. చెబితే ఊపిరి తీరే మారిపోతుంది, నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని పొట్టా ఛాతీ కదలడం చూస్తే సరిపోతుంది. పెద్దవాళ్లకి మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉంటుంది. కాగితం మీద తేదీ, టైము, భంగిమ, ఆక్సిజన్, పల్స్, ఊపిరి లెక్క రాయండి. ఆక్సిజన్ పైపు పెట్టి ఉంటే ఎన్ని లీటర్ల మీద వచ్చిందో కూడా రాయండి, లీటర్లు రాయకుండా 96 అని రాసి లాభం లేదు.

ఇప్పుడు ఆ కాగితం ఏం చెబుతుందో చూద్దాం.

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, పడుకుంటే తగ్గి కూర్చుంటే పెరగడం. పడుకుంటే 91, కూర్చోబెట్టిన కాసేపటికి 95. చాలావరకు పైన చెప్పిన అడుగు భాగం ముడుచుకోవడమే దీనికి కారణం. ఆపరేషన్ తర్వాత మలబద్ధకంతో, గ్యాస్‌తో పొట్ట ఉబ్బి ఉన్నా ఇదే జరుగుతుంది, పొట్ట బెల్టు మరీ బిగించి కట్టినా ఇదే, లావుగా ఉన్నవాళ్లకి మరీను. భుజం ఆపరేషన్‌కి మెడ పక్కన మత్తు ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకి ఆ వైపు డయాఫ్రమ్ సగం పనిచేయక తొలిరోజు పడుకుంటే ఆయాసం రావచ్చు, మామూలుగా మందు దిగిపోయాక సర్దుకుంటుంది.

ఇందులోనే ఒక ప్రమాదకరమైన కేసు కలిసి ఉంటుంది, గుండె బలహీనంగా ఉండి ఒంట్లో నీరు చేరడం. ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కుతాయి, ఒంట్లో నీరు దించడానికి రోజూ వేసుకునే మాత్ర ఆపరేషన్ కోసం ఆపుతారు, డిశ్చార్జ్ కాగితంలో దాన్ని మళ్లీ రాశారో లేదో ఎవరూ చూడరు. నాలుగైదు రోజులకి రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఉలిక్కిపడి లేచి కూర్చుని ఎగశ్వాసతో దగ్గుతారు, పాదాలు వాస్తాయి, బరువు రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరుగుతుంది. ఇలా ఉంటే దిండ్లు పెంచుకుంటూ పోవడం వైద్యం కాదు, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ఆపరేషన్‌కి ముందు వాడిన మందుల చీటీనీ, డిశ్చార్జ్ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి ఏ మాత్ర పోయిందో ఇంటికొచ్చిన రోజే చూసుకుంటే ఈ గొడవ సగం తప్పుతుంది.

మామూలు అడుగు భాగం ముడుచుకోవడమే అయితే ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. తలవైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తులో ఉండాలి. మన దగ్గర దీన్ని చెడగొట్టేది మంచాలూ సోఫాలే. నులక మంచం, నవారు మంచం మధ్యలో దిగబడతాయి, మెత్తటి సోఫాలో నడుము కూరుకుపోయి మనిషి మూటలా ముడుచుకుంటారు, చూడ్డానికి కూర్చున్నట్టే ఉంటుంది గానీ పొట్ట మడతపడి డయాఫ్రమ్ కదలడానికి చోటే ఉండదు. ఒక్క తల కింద రెండు దిండ్లు పెట్టినా మెడ వంగుతుందే తప్ప ఛాతీ లేవదు. నడుము దగ్గర నుంచి వాలుగా లేవాలి, గట్టి పరుపు మీద నడుము వెనక ఒకటి, వీపు వెనక ఒకటి, తల కింద చిన్నది ఒకటి పెట్టండి. వీలుంటే తలవైపు లేచే ఆస్పత్రి మంచం నెలకి అద్దెకి తెచ్చుకోవడం మంచి ఖర్చు. పగలు చేతులున్న గట్టి కుర్చీలో, పాదాలు నేలకి ఆనేలా, పూటకి ఒక గంట చొప్పున కూర్చోబెట్టండి. తుంటి కీలు మార్చినవాళ్లయితే పొట్టి కుర్చీలు పనికిరావు, తొడ నడుము దగ్గర 90 డిగ్రీలకి మించి వంగకూడదని సాధారణంగా చెబుతారు, కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. మోకాలు మార్చినవాళ్లకి జారకుండా ఉంటారని మోకాలి కింద దిండు పెట్టేస్తుంటారు, అది అలవాటైతే మోకాలు చాచడం కష్టమవుతుంది.

కరోనా అప్పుడు బోర్లా పడుకోమని అందరూ చెప్పారు కదా, ఆ పాఠం ఇక్కడ వాడొద్దు. తుంటికో పొట్టకో కుట్లున్న మనిషిని సొంతంగా బోర్లా తిప్పితే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే.

ఆస్పత్రిలో ఇచ్చే మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా గురించి ఒక మాట. దాన్ని ఊదకూడదు, పీల్చాలి. ఊదుతూ 'బంతులు లేవట్లేదు, డబ్బా పాడైంది' అనేవాళ్లే ఎక్కువ. ముందు ఊపిరి బయటికి వదిలేసి, గొట్టాన్ని పెదాలతో గట్టిగా మూసి, నెమ్మదిగా లోపలికి లాగి, మూడు సెకన్లు పట్టి ఉంచి వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు, మధ్యలో ఆగుతూ, గబగబా చేస్తే కళ్లు తిరుగుతాయి. మూడు బంతులూ లేవాలని పంతం పట్టక్కర్లేదు, ఒక బంతిని ఎక్కువసేపు నిలబెట్టడమే మేలు. నొప్పి మాత్ర వేసిన అరగంట తర్వాత చేయిస్తే సహకరిస్తారు. పొట్ట మీద కుట్లుంటే దిండుని రెండు చేతులతో పొట్టకి అదుముకుని దగ్గమనండి, కఫం బయటికి రావాలి. అయితే ఆ డబ్బా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, డాక్టర్ ఒప్పుకున్నంత మేరకు లేచి కూర్చోవడం, నాలుగడుగులు వేయడం దానికంటే పెద్ద మందు. చూడ్డానికొచ్చిన చుట్టాలు "కదలకు పిన్నీ, హాయిగా పడుకో" అని ప్రేమగానే అంటారు, వాళ్లకి కాఫీ ఇచ్చి ఆ మాట మాత్రం వినకండి.

పడుకోబెట్టి గంజి, పాలు పట్టడం అస్సలు చేయొద్దు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా అవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి ఉంచి, చిన్న చిన్న గుక్కలు పట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. రెండుపూటలా పళ్లు తోమించడం, కట్టుడు పళ్లు కడగడం కూడా నిమోనియాని తగ్గించే పనే, దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు.

రెండో రకం అరుదు, కానీ దీన్ని కనిపెట్టేది ఆ మూడు భంగిమల కాగితమే. ఇందులో వ్యవహారం తిరగబడుతుంది. పడుకుంటే హాయిగా 96, లేపి కూర్చోబెడితే 88, నిలబెడితే ఇంకా కిందకి, మళ్లీ పడుకోబెడితే కోలుకుంటారు. లేవగానే ఆయాసపడుతుంటే ఇంట్లోవాళ్లు "భయం, బద్ధకం, లేవాలని లేదు" అంటారు, ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి "ట్రై చేయట్లేదండీ" అంటాడు. పాపం ఆ మనిషికి నిజంగానే ఊపిరి అందట్లేదు. వైద్యంలో దీన్ని ప్లాటిప్నియా ఆర్థోడియాక్సియా అంటారు, పేరు నోరు తిరగకపోయినా కాగితం మీద రాసి ఉంచుకోవచ్చు.

దీనికి ఎక్కువగా దొరికే కారణం గుండె పై రెండు గదుల మధ్య గోడలో, కడుపులో ఉన్నప్పటి నుంచీ పూర్తిగా మూసుకోని చిన్న సందు. పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియను కూడా తెలియదు. వయసుతో వీపు గూని పడటం, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం వెడల్పవడం, ఒక ఊపిరితిత్తిని తీసేసిన ఆపరేషన్, ఇలాంటివాటితో లోపల అమరిక మారిపోయి, నిటారుగా ఉన్నప్పుడు చెడు రక్తం ఊపిరితిత్తుల దాకా పోకుండా నేరుగా ఆ సందులోంచి అవతలి గదిలోకి దూకుతుంది. ఊపిరితిత్తిని దాటేసిన రక్తానికి బయట నుంచి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా అంతగా పెరగదు, అదీ ఒక గుర్తే. లివర్ గట్టిపడిన కొందరిలో ఊపిరితిత్తుల అడుగున రక్తనాళాలు వెడల్పయి కూడా ఇలా అవుతుంది. సెలైన్ బుడగలు ఎక్కించి, పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి గుండె ఎకో తీస్తే సందు బయటపడుతుంది. గుండె సందే కారణమని తేలితే చాలామందికి ఛాతీ కోయకుండానే తొడ దగ్గరి రక్తనాళంలోంచి చిన్న పరికరం పంపి మూసేయొచ్చు.

లేచినప్పుడు ఆయాసం, నీరసం అన్న ప్రతివాళ్లకీ ఇదే అనుకోవద్దు మరి. లేవగానే కళ్లు తిరిగి, ఆక్సిజన్ మాత్రం తగ్గకుండా ఉంటే ముందు బీపీ చూడండి, పడుకున్నప్పటికంటే నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే అది బీపీ సమస్య. నాలుగడుగులకే రొప్పుతూ ఆక్సిజన్ 97 ఉంటే రక్తం తగ్గిందేమో చూడాలి, తుంటి ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ పడిపోవడం మామూలే, ఆ లోటుని ఈ మిషన్ చూపించదు.

ఒక పక్కకి తిరిగితే 95, ఇంకో పక్కకి తిరిగితే 90 వస్తుంటే ఒక ఊపిరితిత్తిలోనే నిమోనియానో నీరో ఉందని అనుమానించాలి. పెద్దవాళ్లలో బాగున్న ఊపిరితిత్తి కిందికి వచ్చేలా పడుకుంటే సాధారణంగా ఆక్సిజన్ పెరుగుతుంది. తుంటి ఆపరేషన్ అయినవాళ్లని ఎటు తిప్పొచ్చో సర్జన్‌ని అడిగి, కాళ్ల మధ్య దిండు పెట్టే తిప్పండి.

ఆక్సిజన్ నిద్రలో మాత్రమే పడిపోతుంటే గురక చూడండి, నొప్పి మాత్రలు చూడండి. ట్రమడాల్ లాంటివి, నిద్ర మాత్రలతో కలిస్తే మరీ, ఊపిరిని మందగింపజేస్తాయి. లేపితే సరిగా లేవకుండా నిమిషానికి పది కంటే తక్కువ ఊపిరి తీస్తుంటే అది హాయైన నిద్ర కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

భంగిమతో సంబంధం లేకుండా ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, గుండె దడ, పిక్క ఒకటి వాచి నొప్పి, దగ్గితే రక్తపు జీర, ఇవి కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిన గుర్తులు కావచ్చు. తుంటి, మోకాలి ఆపరేషన్ల తర్వాత వారాల పాటు ఈ ప్రమాదం ఉంటుంది, అందుకే తుంటి ఆపరేషన్ తర్వాత నాలుగైదు వారాలు రక్తం పలచబడే మందు రాస్తుంటారు. పొట్ట దగ్గర పొడిచే ఇంజెక్షన్ నొప్పిగా ఉందని సొంతంగా మానేయొద్దు.

ముందు నుంచీ ఊపిరితిత్తుల జబ్బు లేనివాళ్లకి తిరిగి కొలిచినా 90 నుంచి 93 మధ్యే ఉంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి, 90 కిందకి వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. అంకె బాగానే ఉన్నా నిమిషానికి 25 దాటి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ మనుషుల్ని గుర్తుపట్టకుండా పొంతన లేకుండా మాట్లాడుతున్నా వెళ్లాల్సిందే. ముసలివాళ్లకి నిమోనియాలో జ్వరం రాకపోవచ్చు, మాట తికమకే మొదటి గుర్తు కావచ్చు.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది కదా అని లీటర్లు మీరే పెంచేయొద్దు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అమ్మమ్మలు, చుట్టలు కాల్చిన తాతలు, శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని) తాగిన ఆడవాళ్లు, వీళ్లలో చాలామందికి పేరు పెట్టని పాత ఊపిరితిత్తుల జబ్బు ఉంటుంది. అలాంటివాళ్లకి 88 నుంచి 92 ఉంచితే చాలని డాక్టర్లు చెబుతుంటారు, ఎక్కువ ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తుగా అయిపోతారు. మీ ఇంట్లో మనిషికి ఎంత ఉండాలో డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి.

అంబులెన్స్ వచ్చాక స్ట్రెచర్ మీద ఎలా పడుకోబెట్టాలో మీరే చెప్పాలి. పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లని తలవైపు ఎత్తి కూర్చున్నట్టే తీసుకెళ్లమనండి, కూర్చుంటే ఆక్సిజన్ పడిపోయేవాళ్లని పడుకోబెట్టే తీసుకెళ్లమనండి. రెండో రకంవాళ్ల విషయంలో క్యాజువాలిటీలో ఇంకొంచెం గట్టిగా ఉండాలి, ఎందుకంటే అక్కడ స్ట్రెచర్ మీద పడుకోబెట్టే వేలికి క్లిప్ పెడతారు, 96 వస్తుంది, ఎక్స్‌రే బాగానే ఉంటుంది, నీరసం అని ఇంటికి పంపేస్తారు. మీ కాగితం డ్యూటీ డాక్టర్ చేతికిచ్చి, "ఒక్కసారి కూర్చోబెట్టి మూడు నిమిషాలాగి చూడండి సార్" అని అడగండి, చూసేదాకా అక్కడి నుంచి కదలొద్దు.